గోలుపోస్టు వెనక కొండబాబు

కొండబాబు రోజూ తెల్లారేసరికి కూతురు సాయిలక్ష్మిని మాకవరపాలెం నుంచి బండి మీద నర్సీపట్నం గ్రౌండుకి తీసుకొస్తాడు. చెరకు ఆకు కోసిన గీతలున్న చేతులు వెనక్కి కట్టుకుని గోలుపోస్టు వెనక నిలబడతాడు. బంతి తుప్పల్లోకి పోతే పరుగెత్తి తెచ్చి, తువ్వాలుతో మట్టి తుడిచి మరీ అందిస్తాడు. నవ్వడం మాత్రం మానేశాడు, విశాఖలో సెలక్షన్లు అయిన దగ్గర్నుంచీ. పదిహేడేళ్ల లోపు ఆడపిల్లల ఫుట్‌బాల్ ప్రపంచకప్పు క్యాంపుకి అక్కడ పిల్లల్ని ఎంచారు. సాయిలక్ష్మి ఆట చూసి మెచ్చుకున్న సారే, కాగితాలు చూశాక కొండబాబుని పక్కకి పిలిచాడు. "పాపకి ఏడు నెలలు వయసెక్కువండీ." నిజానికి ఎక్కువ లేదు. చెరకు నరికే రోజుల్లో ఇంటి దగ్గర పిల్లని చూసేవాళ్లు లేక, బేగి బళ్లో వేసెయ్యాలని, ఏడాది ముందే పుట్టినట్టు రాయించింది కొండబాబే. ఆధార్ కూడా అలాగే వచ్చింది. ఈ సంగతి పిల్లకి చెప్పలేదు.

మొన్న బూట్ల లేసు కట్టుకుంటూ సాయిలక్ష్మే అడిగింది. "ఎడంకాలు బలం సాల్లేదనే కదా నాన్నా, నన్ను తీసీసినారు?"

"అవునమ్మా," అన్నాడు.

అప్పట్నుంచి సాయిలక్ష్మి ఎడంకాలితోనే కొడుతోంది. చీలమండ వాచిపోయింది. కొండబాబు బంతి తుడిచి అందిస్తూనే ఉన్నాడు.