మన్మథరావు చంపిన బ్యాటరీలు

రాయగడలో మన్మథరావంత డాబుసరి మెకానిక్ మరొకడు లేడు. ఇస్త్రీ చొక్కాకు గ్రీజు అంటనిచ్చేవాడు కాదు. ఏ బండి ఆగినా దూరం నుంచే చూసి, "బ్యాటరీ సచ్చింది" అని తేల్చేసేవాడు.

1957లో లక్ష్మీపూర్ బస్సుకీ అదే చెప్పాడు. కొత్త బ్యాటరీ వేస్తే బస్సు కొన్నాళ్లు తిరిగి మళ్లీ మొరాయించింది. ఇంకోటి వేయించాడు. అదీ నీరసించింది.

"బాబూ, ఓపాలి డైనమో ఇప్పి సూడు. ఇంజను తిరిగినప్పుడు బ్యాటరీకి కరెంటు పంపేది అదే గదా?" అన్నాడు డ్రైవరు గున్నయ్య.

"నువ్వు స్టీరింగు తిప్పుకో. మెకానిక్కు నువ్వా, నేనా?" అని కసిరాడు ఆ మహానుభావుడు.

ఆ వారమే అత్తవారింటికి పోతూ అదే బస్సెక్కాడు. కొండదారి ఘాటీలో ఇంజను ఆగిపోయింది. సంతకు పోతున్న సూర్యకాంతమ్మ వెనక్కి తిరిగి, "ఏటి బాబూ, ఇప్పుడెవులు సచ్చేరు?" అంది. బస్సంతా నవ్వింది.

గున్నయ్య డైనమో విప్పాడు. కరెంటును బయటికి అందించే కార్బన్ బ్రష్షులు పూర్తిగా అరిగిపోయి ఉన్నాయి. తాను ముందే కొని ఉంచుకున్న బ్రష్షులు బిగించి, లోపలి మసి తుడిచాడు. అందరూ దిగి బస్సును వాలులోకి తోస్తే ఇంజను అందుకుంది. చొక్కా మాస్తుందని మన్మథరావు చెయ్యి వెయ్యలేదు. పైగా అత్తవారింట, "డైనమో అని నేనే కనిపెట్టేను" అన్నాడు.

బస్సు యజమాని మళ్లీ అతన్ని పిలవలేదు. మిగతావాళ్లూ మానేశారు. చివరికి బోరిగుమ్మలో సోడా కొట్టు పెట్టాడు. అతని సోడాలో గ్యాసు ఉండదని అక్కడివాళ్లు తిట్టుకునేవారు.