రెండు కుడి చేతుల బొమ్మ

మొన్నటి ఎండకాలం నా పరువు నేనే సూదీ దారంతోని తీసుకున్న. ఎట్లనో చెప్త, ఇనుండ్రి. బోధన్‌ల ఒక బడిల లెక్కల సారును నేను. అద్దంల కుడి ఎడమలు ఎట్ల తారుమారైతయో పిల్లలకు చెప్పి జీతం తీసుకునేటోన్ని. ఈ సంగతి మర్సిపోకుండ్రి.

మా అవ్వకు పక్షవాతమొచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. నిజామాబాద్ దవాఖానల మేడం రబ్బరు బంతి ఇచ్చి, "రోజూ పిసుకు అవ్వా" అని చెప్పింది. అవ్వ దాన్ని మంచం కిందికి దొర్లించింది. బతుకంత పాత చీరెలతోని బొంతలు కుట్టిన మనిషి, ఉత్తగ బంతి పిసుకుమంటే పిసుకుతదా? నెల దాటినా వేళ్లు కదలలేదు. మాట గూడ తగ్గింది. నాకు బుగులు పట్టింది.

అప్పుడు ఒక బొమ్మ చేద్దామనిపించింది. దాని చేతులు గ్లౌజుల లెక్క ఉంటయి. వెనుకనుంచి మన చేతులు దూరిస్తే మన వేళ్లతోని దాని వేళ్లు ఆడతయి. ఆడుకుంటనే అవ్వ చెయ్యి కదిలిస్తదని నా ఆశ. పాత లుంగీ చింపి, నా కుడి చెయ్యి కాయిదం మీద పెట్టి గీసి, అదే కొలతతోని రెండు చేతులు కుట్టిన. వాటికి ఎర్రదారంతోని గోర్లు. మూడు దినాల పని. తప్పెక్కడుందో ఈపాటికే మీకు తెలిస్తే, మీరు నాకన్న మంచి సార్లు.

అవ్వ ముంగట కూసొని బొమ్మతోని దండం పెట్టించిన.

"ఏందిరా ఇది?"

"నీకు దండం పెడుతుంది అవ్వా."

"దండమా? ఒక చెయ్యి ఇంకో చెయ్యి వీపు గీకుతున్నట్టుంది."

చూసిన. ఎడమ అరచేతిల గోర్లు మొలిచినయి. రెండూ కుడి చేతులే.

"తొందరల కుట్టిన అవ్వా."

"మూడు దినాలు కుట్టినవు. తొందరేంది?"

వినాయకుణ్ణి చెయ్యబోతే కోతి అయిందంటరు. కోతికైన చేతులు సక్కగుంటయి.

"ఇటియ్యి," అన్నది అవ్వ. "గిసొంటి కుట్టు ఇంట్ల ఉండొద్దు."

కుడి చేతిల సూది పట్టుకొని ఆ తప్పు చెయ్యి కుట్లు ఇప్పదీసుడు మొదలువెట్టింది. గుడ్డ జారుతుంటే నేను పట్టుకోబోయిన. "నువ్వు ముట్టకు" అన్నది. పడిపోయిన చెయ్యిని ఎత్తి గుడ్డ మీద పెట్టుకున్నది. గుడ్డ జారినప్పుడల్ల ఆ వేళ్లు జరంత ముడుసుకున్నయి. నేను ఆ వేళ్లనే చూస్తున్న. ఆమె మాత్రం చూడనేలేదు; చూపంత నా పాడు కుట్టు మీదనే. నాలుగు రోజులు ఇప్పింది. నేను సాయం చెయ్యలేదు.

"ఇగ ఎడమ చెయ్యి నువ్వే కుట్టు," అన్నది.

ఈసారి తప్పొద్దని నా ఎడమ చెయ్యినే గుడ్డ మీద వెల్లకిల పెట్టి గీసిన. గీత గీసిన దిక్కే గోర్లు గూడ కుట్టి పట్టుకపోయిన. అవ్వ ఇటు తిప్పింది, అటు తిప్పింది.

"ఇది గూడ కుడిదే బిడ్డా. దాసిపెట్టు. రెండు కుడి చేతుల దేవుడెవరన్న వస్తే ఇద్దాం."

అని నవ్వింది. ఎన్ని దినాలకో అవ్వ నవ్వు ఇన్న.

ఆ నవ్వు సాక్షిగ, ఈ జన్మల మళ్ల చేతులు కుట్టనని ఒట్టు వెయ్యనీకి చెయ్యి చాపిన.

"ఏ చెయ్యో చూసుకొని వెయ్యి," అన్నది అవ్వ.