పప్పు మరకల కాళ్లతో పవిత్ర గురువారం

మియాపూర్‌లో ఉండే నాకు ఎల్‌బీ నగర్ అంటే మెట్రో మ్యాపులో చిట్టచివరి చుక్క మాత్రమే. అక్కడిదాకా వెళ్లే పని పెట్టింది మా లూర్దమ్మ పిన్ని. ఆమె దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. గుంటూరు వైపు నుంచి వచ్చి ఏళ్లయినా ఆమె మాటా మారలేదు, కూరలో కారమూ తగ్గలేదు. ఈస్టర్‌కు వారం ముందు వచ్చే మట్టల ఆదివారం పూజ కాగానే వాట్సాప్‌లో ఆమె గొంతు వినిపించింది. "ఒసేయ్ రోజీ, గురువారం ఫాదర్ కాళ్లు కడిగే పన్నెండు మందిలో నా పేరు చదివారే! చెమటలు పట్టేశాయి. నువ్వొచ్చి ముందు వరుసలో కూర్చో, లేకపోతే మధ్యలోనే లేచి పారిపోతాను."

తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. యేసు తన శిష్యుల కాళ్లు కడిగినందుకు గుర్తుగా, గుడ్ ఫ్రైడే ముందు రోజైన పవిత్ర గురువారం సాయంత్రం పూజలో ఫాదర్ పన్నెండు మంది కాళ్లు కడుగుతారు. పిన్ని వెళ్లే గుడిలో (మేం చర్చిని గుడి అనే అంటాం) ఆ పన్నెండు కుర్చీలూ ఏటా కమిటీ పెద్దలవే, రైల్లో బెర్తులు బుక్ చేసుకున్నంత ఖాయంగా. కొత్తగా వచ్చిన ఫాదర్ ఈసారి వాళ్లను పక్కన కూర్చోబెట్టి, వాచ్‌మన్లు, తాపీమేస్త్రి, రోడ్లూడ్చే అక్కలు, వంటవాళ్ల పేర్లు చదివేశారట. పెద్దలు కొంచెం గొణిగారని, అయినా కుర్చీలు మాత్రం వాళ్లే తుడిచి పెట్టారని పిన్ని చెప్పింది.

గురువారం మూడింటికి మెట్రో ఎక్కాను. మియాపూర్ నుంచి ఎల్‌బీ నగర్ దాకా ఒకటే రైలు, ఎక్కడా మారక్కర్లేదు. గంట లోపు ప్రయాణం, టికెట్ డెబ్బై రూపాయల లోపే. ఆడవాళ్లు ఆధార్ చూపించి సిటీ బస్సులో ఉచితంగా కూడా రావచ్చు గాని, దానికి చాలా ఓపిక కావాలి. మలక్‌పేటలో సీటు దొరికి కాస్త వెనక్కి వాలేలోపే దిల్‌సుఖ్‌నగర్ వచ్చేసింది. మెట్లు దిగగానే ఒకమ్మాయి కోచింగ్ సెంటర్ కరపత్రం చేతిలో పెట్టింది. నా నెరిసిన జుట్టు చూసి కూడా "గ్రూప్స్‌కి ఏజ్ ఉంటది మేడం, ట్రై చేయొచ్చు" అంది. ఆ మాటకు చాలా సంతోషించి కరపత్రం దాచుకున్నాను.

హాస్టల్ వంటింట్లో పిన్ని పండగ హడావుడిలో ఉంది. ఆదివారం నుంచి రోజూ మడమలు రాయితో రుద్ది, పగుళ్లకు కొబ్బరినూనె పట్టిస్తోందట. కవరు తియ్యని కొత్త చెప్పులు, ఇస్త్రీ చీర, కాళ్లకు ప్రత్యేకంగా ఒక సబ్బు, అన్నీ గూట్లో వరుసగా పెట్టుకుంది. "ఫాదర్ చేతికి గరుకు తగిలితే నా పరువేం కావాలే?" అంది. పూజ ఆరున్నరకు. అయిదింటికి వంట ముగించి, స్నానం చేసి, అయిదున్నరకు బయలుదేరాలని లెక్క. ఆ లెక్కంతా పిండి కలిపే సహాయకురాలి మీద ఆధారపడి ఉంది. ఆమె రాలేదు. గురువారం రాత్రి చపాతీలు, తినేవాళ్లేమో హాస్టల్ నిండా ఉన్నారు. గడియారం చూసినకొద్దీ పిన్ని ముఖం చిన్నబోయింది.

అయిదున్నర దాటాక హాస్టల్ మేడం వచ్చారు. ఆ బిల్డింగ్ ఆమెదే, వాళ్లది సిటీ పెరగక ముందు నుంచీ ఇక్కడే ఉన్న కుటుంబం. పిన్ని నసుగుతూ గుడికి వెళ్లాలని మాత్రం చెప్పింది. "రేపు గుడ్ ఫ్రైడేకు సెలవు ఇచ్చిన కద లూర్దమ్మా. ఇయ్యాల గూడ పోతే ఎట్ల? ఎనిమిదింటికి తిండి పెట్టకపోతే పిల్లల అమ్మానాయనలు నాకు ఫోన్లు చేస్తరు" అన్నారు మేడం. అందులో అన్యాయమేమీ లేదు. పిన్ని తలవంచి మళ్లీ పిండి కలపసాగింది.

టీ కోసం వచ్చిన శ్రావణి అనే నల్గొండ అమ్మాయి అప్పుడు నోరు తెరిచింది. "మేడం, ఆంటీ ఊకెనే పోతలేదు. ఇయ్యాల గుడిల ఫాదర్ ఆంటీ కాళ్లు కడుగుతడంట."

"ఫాదర్ కాళ్లు ఈమె కడగాలె గాని, గదేంది?"

"కాదు మేడం. ఫాదరే ఆంటీ కాళ్లు కడుగుతడు."

మేడం పిన్ని కాళ్ల వైపు చూశారు. తర్వాత చీర కొంగు నడుముకు దోపుకున్నారు. "గట్లనా! మరి ముందే చెప్పొద్దా? ఇయ్యాల చపాతీలు లేవు, పప్పన్నం. పప్పు నేను చూసుకుంటా. శ్రావణీ, ఇంకో నలుగుర్ని పిలువు. నువ్వు పో లూర్దమ్మా, జల్దీ పో."

ఆ మాటకు పిన్ని కంగారు రెట్టింపయింది. పప్పు గిన్నె మేడం వైపు జరపబోయి గరిట జారవిడిచింది, కాళ్ల మీద పప్పు చింది పడింది. స్నానం లేదు, సబ్బు లేదు. చీర మాత్రం చుట్టుకుని, పాత చెప్పులతోనే పరుగెత్తింది. కొత్తవి గూట్లోనే ఉండిపోయాయి.

మెట్రోలో మూడు స్టేషన్లే గాని, గుడి ఎల్‌బీ నగర్ చౌరస్తా దాటాక లోపలి సందులో ఉంది కాబట్టి నూట ఇరవైకి ఆటో మాట్లాడాను. "ఏందమ్మా గంత పరేషాన్?" అన్నాడు డ్రైవర్. "కాళ్లు కడిగించుకోవాలి బాబూ, ఆలస్యమైపోయింది!" అంది పిన్ని. అతను వెనక్కి తిరిగి ఆమె కాళ్లు చూసి, "దెబ్బ తాకిందా? దవాఖానకు పోనియ్యనా?" అన్నాడు. విషయం చెప్పాక విజయవాడ బస్సుల మధ్య నుంచి ఆటోను ఎలా తీశాడో నాకిప్పటికీ తెలియదు. నేను జపమాల పట్టుకుని కళ్లు మూసుకున్నాను.

మేం వెళ్లేసరికి ప్రసంగం అయిపోవస్తోంది. పీఠం ముందు పన్నెండు కుర్చీల్లో చివరిది ఖాళీగా ఉంది. పిన్ని గబగబా వెళ్లి కూర్చుని, కాళ్లు కుర్చీ కిందికి ముడుచుకుంది. మిగతా పదకొండు మంది కాళ్లు చూస్తే నవ్వాగలేదు. అందరూ పిన్నిలాగే ఆలోచించారు! మేస్త్రి మడమలు నిగనిగలాడుతున్నాయి, వాచ్‌మన్ తాత గోళ్లు అప్పుడే కత్తిరించినట్టున్నాయి, ఒకావిడ కాళ్ల నుంచి పౌడరు వాసన రెండో వరుసలో ఉన్న నాదాకా వచ్చింది. ప్రసంగం ముగించిన ఫాదర్ మోకాళ్ల మీద ఒక్కో కుర్చీ జరుగుతూ కడగసాగారు. పళ్లెంలో నీళ్లు పోసినవి పోసినట్టే తేటగా ఉన్నాయి.

చివరి కుర్చీ దగ్గర పిన్ని కాళ్లు బయటికి తియ్యలేదు. "వద్దు ఫాదర్. వంటింట్లోంచి అలాగే వచ్చేశాను. మురికిగా ఉన్నాయి" అంది. ఆమె నిజంగానే లేచి వెళ్లిపోతుందని భయపడ్డాను. ఫాదర్ చేతులు చాపి అలాగే ఉన్నారు. "ఇప్పటిదాకా కడిగిన కాళ్లే కడిగానమ్మా. నాకు పని తెచ్చింది మీరొక్కరే" అన్నారు నవ్వుతూ. పిన్ని మెల్లగా కాళ్లు చాపింది. పళ్లెంలో నీళ్లు పసుపుపచ్చగా మారాయి. ఆయన పగుళ్లలో ఇరుక్కున్న పప్పు కూడా వేలితో తీసి, తుడిచి, వంగి ముద్దు పెట్టుకున్నారు. నేను ఏడ్చాను. నా పక్కన కూర్చున్న కమిటీ పెద్దాయన కూడా ఏడ్చాడు. పూజ అయ్యాక మేడం ఫోన్: "కడిగిండా, లూర్దమ్మా? మంచిగ కడిగిండా?"

తిరుగు మెట్రోలో చాలాసేపు ఆలోచించాను. గుడికి రానివాళ్లను చూసి భక్తి తక్కువనుకోవడం మనకు అలవాటు. నిజానికి ఆ వేళ వాళ్లు ఎవరి ఇంట్లోనో అన్నం వండుతుంటారు, ఎవరి గేటు దగ్గరో నిలబడి ఉంటారు. వాళ్లకు కుర్చీ వేస్తే సరిపోదు. ఆ కుర్చీదాకా రావడానికి ఎవరో ఒకరు కొంగు దోపుకుని వాళ్ల పప్పు గిన్నె అందుకోవాలి. మా పిన్ని కాళ్లు కడిగింది ఫాదరే, కానీ ఆ నీళ్లలో మేడం చేయి కూడా ఉంది.

ఇక ఒక్క సలహా. పవిత్ర గురువారం ఇటు వచ్చేవాళ్లు అయిదింటికల్లా దిల్‌సుఖ్‌నగర్ దాటేయండి, ఆ తర్వాత రోడ్డు కదలదు. ఒకవేళ ఆ పన్నెండు మందిలో మీ పేరే ఉంటే మాత్రం సబ్బు జోలికి పోకండి. పని చేసిన కాళ్లతోనే రండి.