బుజ్జిగాడికి చేప వెతికిన మనిషి

కిందటి వారం వేకువన మా బావ పోయాడు. మా అక్క భర్త. కబురు విన్న నర్సీపట్నం వాళ్లు అందరూ అడిగింది ఒకటే: "మరి బుజ్జిగాడో?"

బుజ్జిగాడంటే మనవడు కాదు. దూడంత లాబ్రడార్ కుక్క. కూనగా ఉన్నప్పుడు పెట్టిన పేరు, పెరిగాక మార్చడానికి వీల్లేకపోయింది. మా ఇంట్లో నన్ను ఇప్పటికీ చంటోడనే పిలుస్తారు. నోట్లో పళ్లు లేవన్నది తప్ప ఆ పేరుకి నా దగ్గర వేరే ఆధారం లేదు.

ముసలితనం వచ్చాక బుజ్జిగాడికి వెనక కాళ్లు పట్టేశాయి. కోడిమాంసం పడక ఒళ్లంతా గోక్కునేవాడు. చేపతో చేసిన తిండి పెట్టమనీ, కీళ్లకీ చర్మానికీ మంచిదనీ, బరువు మాత్రం పెరగనివ్వొద్దనీ పశువుల డాక్టరు గారు చెప్పారు. జీడితోట బేరాన్ని నిలబడ్డపళంగా తేల్చేసే మా బావ, ఆ రోజు నుంచి కుక్కతిండి సంచుల ముందు కళ్లద్దాలు తుడుచుకుంటూ గడిపేవాడు.

ఒకసారి నేనూ వెంట వెళ్లాను. కొట్లో అమ్మాయి ఓ సంచి తీసింది. "సముద్రం చేపండి. పెద్ద కుక్కలకి బాగుంటాదండి."

"ఏ సేపమ్మా?"

"సముద్రం చేపేనండి."

"నువ్వు బజారుకెళ్లి కిలో సముద్రం సేప ఇయ్యమంటావేటి? పేరుండదా దానికి?" బావ సంచి వెనక్కి తిప్పాడు. "ఇటు సూడు బావమరిదీ. మొదట రాసింది మొక్కజొన్న. సేప ఎక్కడో అడుగునుంది. ఇది కోళ్లకెయ్యాల."

"ఏటి బావా, పెళ్లిసూపులకొచ్చినట్టు సూస్తన్నావు?"

"పెళ్లిసూపుల్లో ఇంతలా సూసుంటే మీ ఇంటికి అల్లుణ్ణయ్యేవోణ్ణి కాదురా!"

ఆ అమ్మాయి నవ్వాపుకోలేక లోపలికెళ్లిపోయింది. దేన్నైనా వెనక్కి తిప్పి చదవడం నాకు బావే నేర్పాడు. నేను వెళ్లిన కాస్త బడిలోనూ అది నేర్పలేదు.

చివరికి చేపే మొదట రాసి ఉన్న సంచి, ముసలి పెద్ద కుక్కలకని చేసింది, దొరికింది. అదీ పొద్దుటి పూటకే. సాయంత్రం ఉప్పూ కారం లేకుండా ఉడికించిన కవ్వళ్లు, చిన్న సముద్రపు చేపలు, ముళ్లు తీసి కాస్త అన్నంలో కలిపేవాడు. ఉప్పుంటుందని ఎండుచేపని మాత్రం దగ్గరికి రానిచ్చేవాడు కాదు. "ఆడు నోరిప్పి సెప్పలేడు గదరా, మనవే కనుక్కోవాల" అనేవాడు.

బావ పోయాడు, ఇల్లు మైలపడింది. పెద్దకర్మ దాకా నీసు గడప తొక్కకూడదని బావ మేనత్త తేల్చేసింది. సంచిలో ఉన్నా నీసు నీసేనని దాన్ని కూడా పక్కింటికి పంపించేసింది. బుజ్జిగాడికి పెరుగన్నం పెట్టారు. వాడు వాసన చూసి, మొహం తిప్పుకుని, కాళ్లీడ్చుకుంటూ వెళ్లి గేటు దగ్గర పడుకున్నాడు. మర్నాడూ అంతే. మా ఇంటికి తీసుకుపోదామని ఎత్తబోతే గుర్రుమన్నాడు. వాడు గుర్రుమనడం నేను అంతకుముందు వినలేదు.

ఆ మధ్యాహ్నం అక్క మూలగదిలోంచి లేచి వచ్చింది. "ఒరే సంటోడా, బేగెల్లి కవ్వళ్లు పట్రా."

మేనత్త గుమ్మానికి అడ్డం వచ్చింది. "మతి పోయిందేటే? మైలింట్లో నీసేటి? నలుగురూ ఏటనుకుంటారు?"

"మైల మనకత్తా. ఆడికేటి? ఆయన్ని సాగనంపీసాం. ఈణ్ణి కూడా ఎనకాలే పంపించెయ్యాలేటి?"

ముసలామె కొంగు నోటికడ్డం పెట్టుకుని గుమ్మం వదిలి పక్కకి జరిగింది.

నేను తెచ్చిన కవ్వళ్లని అక్క పెరట్లో ఇటుకల పొయ్యి మీద ఉడికించింది. గేటు దగ్గర నేల మీద కూర్చుని, వేడి తగ్గాక, అరచేతిలో పెట్టి చాపింది. బుజ్జిగాడు చాలాసేపు కదల్లేదు. తర్వాత తిన్నాడు. చెయ్యి ఖాళీ అయ్యాక కూడా నాకుతూనే ఉన్నాడు, వేళ్లూ, అరచెయ్యీ, మణికట్టూ. పదోనాడు తీసెయ్యాల్సిన గాజులు వాడి నాలుక తగిలినప్పుడల్లా గలగలమంటున్నాయి. అక్క చెయ్యి వెనక్కి తీసుకోలేదు.