మొదటి చెంబు మా నాయనకే

మా చిన్నప్పుడు భూమి పండుగ వచ్చిందంటే మా ఊరి ఆడవాళ్లు పొద్దున్నే బిందెల్లో పేడనీళ్లు కలిపి పెట్టుకునేవాళ్లు... ములకలపల్లి దాటి ఇంకా లోపలికి, అడవి అంచున మా ఊరు. తొలకరికి ముందు విత్తనాలకు పూజ చేసే పండుగ అది. ఆ రోజు మగవాళ్లంతా విల్లంబులు, వలలు పట్టుకుని వేటకు పోవాలి.

ఏదైనా కొట్టుకొస్తే ఊరంతా పంచుకుంటారు. ఉత్తచేతులతో వచ్చారో... వదినలు, మరదళ్లు ఊరి మొగదల్లోనే పట్టుకుని నెత్తిన పేడనీళ్లు గుమ్మరిస్తారు. వాళ్లు పరుగు, వీళ్లు వెనకే పరుగు. పిల్లలమైన మాకు నవ్వీ నవ్వీ కడుపునొప్పి వచ్చేది.

మా నాయన మీద మాత్రం ఎప్పుడూ ఒక్క చుక్క పడలేదు. జంతువులను తోలుకొచ్చే ఇరుకు దారిలో కాపు కాసే చోటు మంచి గురి ఉన్నవాడికే ఇస్తారు. అది ఎప్పుడూ నాయనదే. ఆయన పక్కన నల్లోడు. నల్లోడంటే మా కుక్క... ఒక చెవి చిరిగిపోయి, నాయన తప్ప ఎవరు పిలిచినా పలకని పొగరుబోతు.

మాంసం పంచేటప్పుడు ఇంటికో వాటా. వేటకు వచ్చిన కుక్కకు ఇంకో వాటా, ఆకులో విడిగా కట్టి ఇచ్చేవాళ్లు. నల్లోడి పొట్లంలో నేను వేలు పెట్టబోతే నాయన కళ్లెర్రజేసేవాడు.

"అది వాని కష్టం బిడ్డా. ముట్టకు."

ఒక ఏడు పండుగ వేటలో అడవిపంది నాయన మీదికే వచ్చింది. నల్లోడు మధ్యలో దూరాడు. పంది పడింది, నల్లోడూ పోయాడు. ఊళ్లో డప్పులు మోగుతుంటే నాయన వాణ్ణి భుజాన వేసుకొచ్చి ఇంటి వెనక ఇప్పచెట్టు కింద పూడ్చాడు. కాసేపటికి పటేల్, అంటే మా ఊరి పెద్ద, కొడుకుతో వాటాలు పంపాడు. ఆకుల్లో రెండు పొట్లాలు... ఒకటి మాది, ఒకటి నల్లోడిది. అలవాటు ప్రకారం కట్టేశారు పాపం.

నాయన ఆ రెండో పొట్లం విప్పలేదు. అలాగే తీసుకెళ్లి ఇప్పచెట్టు కింద పెట్టి వచ్చాడు. విల్లు అటకెక్కించేశాడు.

అమ్మకు ఒళ్లు మండింది. అడవి మాంసమంటే ఆమెకు ప్రాణం... మొగుడికున్న పేరంటే ఇంకా ప్రాణం.

"కుక్క పోతే ఇంకో కుక్కను తెచ్చుకుంటరు గాని, విల్లు ఇడిసిపెడతరా ఎవరన్న?"

"తెచ్చి, దాన్ని గూడ సంపుకోవాల్నా?" అన్నాడు నాయన.

అంతే. పాపం, పుణ్యం, జాలి... ఇవేవీ మాట్లాడలేదు. కోడికూర వండితే తిన్నాడు, వాగులో చేపలు పట్టాడు. వేట ఒక్కటే వద్దన్నాడు.

మళ్లీ పండుగ వచ్చింది. ఇంటికో మగవాడు వేటకు పోతేనే ఆ ఇంటికి పటేల్ చేతి విత్తనం దక్కుతుంది. ఆ విత్తనం కలపకుండా మా ఊళ్లో ఎవరూ చేను చల్లరు. అమ్మ గుబులంతా అదే. నాయన మాత్రం విల్లు దించలేదు. సొరకాయ బుర్రల్లో మంచినీళ్లు నింపి, భుజాలకు తగిలించుకుని అందరి వెనకా నడిచాడు.

సాయంత్రం అందరూ తిరిగొచ్చారు. కొందరి చేతుల్లో కుందేళ్లు, నాయన భుజాన ఖాళీ బుర్రలు. ఆడవాళ్లు బిందెల దగ్గరే ఉన్నారు గానీ ఎవరూ చెంబు ఎత్తలేదు. వేట దొరకనివాడి మీద పోస్తారు. వేటే వద్దన్నవాణ్ణి ఏం చేయాలో ఎవరికీ తెలియదు.

"నీళ్లు మోసుడు గూడ వేటేనా? గిట్లైతే విత్తనం ఎట్లిస్తం?" అన్నాడు ఒక పెద్దాయన. పటేల్ తల గోక్కున్నాడు. నాయన తల దించుకుని నిలబడ్డాడు... నాకు ఏడుపొచ్చేసింది.

అప్పుడు మా అమ్మ గుంపును తోసుకుంటూ వచ్చింది. చెంబు ముంచి నాయన నెత్తిన దబ్బున పోసింది. పెళ్లామే మొగుడి మీద పోయడం మా ఊళ్లో అదే మొదలు.

"ఏం జూస్తున్నరే? పొద్దుగాల పోయిండు, ఒట్టి చేతులతోని వచ్చిండు. గంతే కదా! పోయుండ్రి!"

మా పిన్ని పకపకా నవ్వి రెండో చెంబు పోసింది. ఇంకేముంది... బిందెలన్నీ నాయన మీదికే. ఆయన పరుగో పరుగు! పటేల్ కూడా నవ్వేశాడు.

"సరే తియ్, దొరకలే, వచ్చిండు. ఈయనకు గూడ విత్తనం పెట్టుండ్రి."

అందరి ముందూ నాయన పరువు తీసిందని ఆ రోజు అమ్మ మీద అలిగి అన్నం మానేశాను. పెద్దయ్యాక గానీ అర్థం కాలేదు... ఆయన వేట మానడం అమ్మకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. అయినా ఆయన్ను ఊరికి వేరు కానివ్వలేదు. మా అమ్మంటే నాకు గర్వం.

ఇప్పుడు వేటంటే కేసే. అడవీ పలచబడింది. మా ఊరి కుర్రాళ్లు అశ్వారావుపేట వైపు పామాయిల్ తోటల్లో పనికి పోతున్నారు, విల్లు వంచడం కూడా రాదు వాళ్లకు. పండుగ రోజు మాత్రం అందరూ అడవిలో కాసేపు తిరిగి ఉత్తచేతులతోనే వస్తారు. ఆడవాళ్లు అందరి మీదా రంగునీళ్లు పోస్తారు, పిల్లలు వీడియోలు తీస్తారు. నాయన ఇంకా నీళ్లు మోస్తూనే ఉన్నాడు... బుర్రలు పోయి ప్లాస్టిక్ డబ్బా వచ్చింది, అంతే.

మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు ఏదో ఒకటి మానేసే ఉంటారు... నచ్చకపోయినా వాళ్ల పక్కన నిలబడింది ఎవరో, గుర్తుంటే కింద రాయండి. చదవాలని ఉంది.

మా అమ్మయితే ఈ ఏడు కూడా రంగునీళ్లు ముట్టలేదు. మొగదల్లో ఒక పక్కన, నాయన కోసం ఒక్క చెంబు పేడనీళ్లు కలిపి పెట్టుకుని నిలబడింది.