మంచి పోలీసు గొంతు

ఆయన సంతాప సభలో నా ముందు వరుసలో ఆయనలాగే డబ్బింగ్ చెప్పే ఇద్దరు కళాకారులు కూర్చున్నారు. "గొంతుకేమన్నా తక్కువా? పొగరు, అంతే. ఫ్రెంచి సినిమా చేతికొస్తే కాలదన్నుకున్నాడు" అన్నాడొకడు. రెండోవాడు తలాడించాడు. అలవాటుగా నేనూ ఆడించాను. ఆ సినిమాకు తెలుగు మాటలు రాసింది నేనే. జరిగింది అది కాదు.

మా స్టూడియో కొండాపూర్‌లో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఉండేది. సినిమా కథ ఇద్దరు పోలీసు అధికారులది. ఇద్దరూ ఒకే హంతకుడి వెంటపడతారు, దొరికిన ఆధారాలు మాత్రం ఒకరికి తెలియకుండా ఒకరు దాచుకుంటారు. ఆ దాపరికంలో ఇంకో ప్రాణం పోతుంది. ఒకడు నెమ్మదస్తుడు, భార్యను పోగొట్టుకున్నవాడు. రెండోవాడు తాగుతాడు, కొడతాడు, లంచం తింటాడు. ఇద్దరూ ఒకే ఊళ్లో పుట్టి పెరిగినవాళ్లే. అయినా నేను మొదటివాడికి పుస్తకాల భాష, రెండోవాడికి తెలంగాణ యాస రాశాను. ఆలోచించి చేసింది కాదు. మా పనిలో రౌడీకీ, తాగుబోతుకీ, నవ్వించేవాడికీ ఆ యాస పెట్టడం అలవాటు. గోదావరి పక్కనుంచి వచ్చిన నాకు అందులో తప్పేమీ కనిపించలేదు.

ఆ పోయినాయనది రాయదుర్గం. ఇప్పుడు అద్దాల భవనాలున్న చోట వాళ్ల నాన్న జొన్నలు పండించేవాడట. ఏళ్ల తరబడి రౌడీలకే గొంతిచ్చిన మనిషి, ఈసారి మంచి పోలీసు పాత్రకు అడిగి మరీ వాయిస్ టెస్ట్ ఇచ్చాడు. బయటికొచ్చాక టీ తాగుతూ నా కాగితాలు తిరగేశాడు.

"తమ్మీ, వీళ్లిద్దరు ఒక్క ఊరోళ్లే గదా. గీడొక్కడే గిట్లెందుకు మాట్లాడుతుండు?"

"వాడు కాస్త మొరటోడు కదన్నా. క్యారెక్టర్‌కి బావుంటుందని..."

"మా అమ్మ గిట్లనే మాట్లాడుతది. ఆమె గూడ మొరటేనా?"

"అబ్బే, అలా కాదన్నా."

"మరెట్ల?" నవ్వుతూనే అడిగాడు. "సరే తియ్. నా సినిమా వస్తే నా బిడ్డ టీవీ బంద్ జేస్తది. మళ్ల తన్నులు తింటవా నాయినా అంటది. ఈసారన్న కూసొని చూస్తది."

మర్నాడు మేనేజర్ నన్ను పిలిచాడు. "ఆయన టెస్ట్ బావుందండి. ఖాయం చేసేద్దామా?"

టీ దగ్గర అడిగిన ప్రశ్న ఇంకా గుచ్చుతూనే ఉంది. "బావుందండి. కానీ ఏడుపు సీన్లలో యాస దొర్లుతుందేమో. ఆయన్ని రెండోవాడికి పెట్టండి, అదైతే పుట్టుకతో వచ్చింది" అన్నాను.

మంచి పోలీసు పాత్ర విజయవాడ నుంచి వచ్చిన ఇంకొకాయనకు వెళ్లింది. తాగుబోతు పాత్ర చేయమంటే రాయదుర్గం ఆయన చేయనన్నాడు. పొగరన్న మాట అక్కడ పుట్టింది. ఒక స్టూడియో నుంచి ఇంకో స్టూడియోకి పాకింది. పిలుపులు తగ్గాయి. చివర్లో ఎన్నికల ప్రచార ఆటోలకు గొంతిచ్చేవాడని విన్నాను. పొగరన్న మాటా నా చెవిన పడుతూనే ఉండేది. ఒక్కసారీ కాదనలేదు.

సభ అయ్యాక ఆయన కూతురు మెట్ల దగ్గర కనిపించింది. ఆగమని, అంతా చెప్పాను. ఆమె ఏడవలేదు.

"నాయినకు ఎర్కే సార్. మేనేజర్ సారే చెప్పిండు. మీరొచ్చి ఒక్క మాటన్న అంటరని చూసిండు."

నేను పక్కకు జరిగి దారిచ్చాను.

"ఇగ నాకు చెప్పి ఏం ఫాయిదా? పొగరన్నోళ్లకు చెప్పుండ్రి" అని చెప్పులేసుకుని వెళ్లిపోయింది.

అందుకే ఇది రాస్తున్నాను. ఆ టెస్టు నేను అద్దానికి ఇవతల నిలబడి విన్నాను. చనిపోయిన భార్య కోటు మడతపెడుతూ పోలీసు అధికారి ఆమెతో మాట్లాడే సీను అది. ఎక్కడా ఒక్క మాటలో కూడా యాస దొర్లలేదు. సౌండ్ ఇంజనీరు దాన్ని మొదటినుంచి మళ్లీ పెట్టుకుని విన్నాడు. ఆ పాత్ర ఆయనకే దక్కాల్సింది. దక్కకుండా చేసింది నేను.