బానెట్‌కి కట్టిన దారం

మా మావయ్యను నేను దొంగను కాపలా కాసినట్టు కాపలా కాసిన వారం ఒకటుంది. రాయడానికి సిగ్గుగానే ఉంది. రాయకపోతే మాత్రం, నేనేదో మహా నెమ్మదస్తుణ్ణని మా ఇంట్లోవాళ్లు అనుకుంటూనే ఉంటారు.

అమలాపురంలో బండ్లు బాగుచేసే మా షెడ్డు ఆయనది. ఆయన మా అమ్మకు తమ్ముడు. పదో తరగతి తప్పి ఊరి మీద తిరుగుతున్న నా చేతికి పానా ఇచ్చి పని నేర్పింది ఆయనే. కార్బ్యురేటర్ బండ్ల కాలంలో ఆయన ఒక్క నిమిషం చెవి పెట్టి విని, ఇంజను జబ్బేమిటో చెప్పేసేవారు. బండ్లలోకి కంప్యూటర్లు వచ్చాక ఆయన స్టూలు మీద కూర్చోవడం ఎక్కువైంది, నేను ల్యాప్‌టాప్ తెరవడం ఎక్కువైంది. ఆయన దీన్ని లోపల లోపల ఎలా మింగుతున్నారో అని నాకు మొదటినుంచీ ఒక మూల అనుమానం.

కాట్రేనికోన వైపు నుంచి రొయ్యల చెరువుల రైతుగారొకరు పాత పెట్రోలు కారు తెచ్చారు. ఉప్పుగాలికి దాని కంప్యూటరు తుప్పు పట్టి చచ్చిపోయింది. కంపెనీవాళ్లు ఆ మోడల్ కంప్యూటరు ఇప్పుడు చెయ్యడం లేదు. అందుకని దాని బదులు బయట దొరికే నల్లపెట్టె ఒకటి తెప్పించి బిగించాను. ఇలాంటి పెట్టెకు ఏ ఇంజనో తెలియదు, అన్నీ మనమే చెప్పుకోవాలి. పిస్టన్లను ఆడించే ఇరుసును క్రాంకు అంటాం, దాని కొసన ఒక పళ్లచక్రం ఉంటుంది. అందులో కావాలనే రెండు పళ్లు తీసేసి ఖాళీ ఉంచుతారు. ఎదురుగా ఉన్న సెన్సరు పళ్లు లెక్కపెడుతూ, ఆ ఖాళీ రాగానే క్రాంకు ఎక్కడుందో పెట్టెకు చెబుతుంది. ఖాళీ దాటాక ఎన్ని డిగ్రీలకు మొదటి పిస్టను పైకొస్తుందన్నది మాత్రం మనం ల్యాప్‌టాప్‌లో అంకె వేసి చెప్పాలి. ఆ అంకె తప్పితే పిస్టను ఇంకా పైకి ఎక్కుతుండగానే నిప్పు రవ్వ పడుతుంది, ఇంజను వెనక్కి తంతుంది.

పెట్టెతో వచ్చిన కాగితంలో ఈ ఇంజనుకు ఎనభై నాలుగు అని ఉంది. వేశాను. తర్వాత, రవ్వ పడినప్పుడల్లా మెరిసే టైమింగ్ లైటు పట్టి చూస్తే, క్రాంకు పుల్లీ మీది పసుపు రంగు గుర్తు ఇంజను మీది గీతకు ఎంతో దూరంలో కనిపించింది. ఎక్కడో కూర్చున్నవాడు ఏ ఇంజను చూసి రాశాడో అని కాగితాన్ని తిట్టుకుని, అంకెను జరుపుతూ జరుపుతూ నూట నాలుగు దగ్గర ఆపాను. గుర్తు చక్కగా గీత మీదికి వచ్చింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

బండి పొద్దున్న చక్కగా స్టార్టయ్యేది. మధ్యాహ్నం దాకా తిప్పి, ఆపి, భోజనానికి ఇంటికి వెళ్లి వచ్చేసరికి తిరగబడేది. తాళం తిప్పితే ఠక్కుమని ఒక్క తన్ను తన్ని స్టార్టరు ఆగిపోయేది. మొదటిరోజు సెన్సరు నకిలీదేమో అనుకుని కొత్తది వేశాను. రెండోరోజు వైర్లు మార్చాను, పంటికీ సెన్సరుకీ మధ్య సందు మళ్లీ కొలిచాను. మూడోరోజు అన్నం కలుపుతుండగా తట్టింది. నేను షెడ్డులో ఉన్నంతసేపూ బండి బాగుంటోంది. నేను ఇంటికొచ్చిన గంటలోనే పాడవుతోంది. ఆ గంటసేపు షెడ్డులో ఉండేది క్యారేజీ తెచ్చుకునే మావయ్య ఒక్కరే.

అనుమానం పెనుభూతం అంటారు. నా భూతానికి మెదడు కూడా బాగానే ఉంది. ముందురోజు ఆయన, "ఒరే అల్లుడూ, ఆ నంబరు మారిస్తే ఏవవుద్దిరా?" అని అడగడం గుర్తొచ్చింది. ఎందుకడిగినట్టు? నేను ల్యాప్‌టాప్ తెరిస్తే ఆయన కళ్లద్దాలు పెట్టుకోవడం గుర్తొచ్చింది. అంటే చూసి నేర్చుకుంటున్నట్టే కదా! నా పని పాడైతే, పాత చేతులే నయమని జనం మళ్లీ ఆయన దగ్గరికే వస్తారు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలనిపించింది.

ల్యాప్‌టాప్‌కు పాస్‌వర్డ్ పెట్టాను. భోజనానికి వెళ్లే ముందు అంకెను ఫోన్లో ఫొటో తీసుకునేవాణ్ణి. తిరిగి వచ్చి చూస్తే నూట నాలుగే ఉండేది. మామూలు మనిషయితే అక్కడ సిగ్గుపడతాడు. మార్చి మళ్లీ యథాస్థానంలో పెట్టేశారేమో అనుకున్నాను నేను. ఆ మర్నాడు బానెట్ మూసి, దాని అంచుకూ బంపరుకూ మధ్య నల్లదారం కట్టి వెళ్లాను. వచ్చేసరికి దారం తెగి ఉంది.

ఆ రాత్రంతా మా ఆవిడతో కూడా సరిగా మాట్లాడలేదు. దొంగ దొరికాడన్న సంతోషం ఒకపక్క, ఆ దొంగ మావయ్య అయ్యారన్న ఏడుపు ఒకపక్క.

మర్నాడు మధ్యాహ్నం రైతుగారు బండి కోసం వచ్చారు. ఆయన ఎదురుగా తాళం తిప్పాను. ఇంజను తన్నింది. మళ్లీ తిప్పాను. ఈసారి తన్నుకు స్టార్టరు కప్పు పగిలి ముక్క కింద పడింది. "ఏటండీ ఇది, వారం నుంచీ ఇదే వరస," అన్నారాయన, కోపం లేకుండానే.

నేను ఆగలేకపోయాను. "మావయ్యా, నేను లేనప్పుడు మీరీ బండి మీద చెయ్యి పెడుతున్నారు. నాకు తెలుసు. దారం కట్టి మరీ పట్టుకున్నాను," అన్నాను. టీ తెచ్చిన కుర్రాడు గ్లాసులు కింద పెట్టి జారుకున్నాడు.

మావయ్య స్టూలు మీంచి లేచారు. "బానెట్ ఎత్తేనురా. వేడెక్కితేనే తంతోందని, కాస్త గాలాడితే చల్లారుద్దని ఎత్తి పెట్టేను. లారీలు దుమ్ము లేపుతుంటే మళ్లీ దింపేసేను. ఇంకేం ముట్టుకోలేదు," అన్నారు. గుడ్డతో చేతులు తుడుచుకున్నారు. ఆ చేతులకు మురికేమీ లేదు.

రైతుగారే కల్పించుకున్నారు. "పెద్దాయనా, మీరోసారి చూడండి మరి."

"వాడు ఒప్పుకుంటే చూస్తానండి," అన్నారు మావయ్య.

నేను తలూపాను. ఆయన ప్లగ్గులు విప్పి, చీపురులోంచి ఒక కొబ్బరి ఈనె లాగి, మొదటి ప్లగ్గు రంధ్రంలోకి దింపారు. పానాతో క్రాంకును మెల్లగా తిప్పుతుంటే ఈనె పైకి లేచింది. చివర్న పిస్టను కాసేపు ఆగినట్టే ఉంటుంది, అక్కడ కంటిని నమ్మితే మోసపోతాం. అందుకని ఈనె మీద గోటితో ఒక నొక్కు నొక్కి, ఆ నొక్కు ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి, ఇంజను మీది గీతకు ఎదురుగా సుద్దతో పుల్లీ మీద గీతలు పెట్టారు. రెండింటికీ సరిగ్గా మధ్యన ఇంకో గీత. పసుపు గుర్తు ఆ గీతకు రెండు వేళ్లు అవతల ఉంది. సుద్దగీత కింద తుప్పును ఉప్పుకాగితంతో రుద్దితే, కంపెనీవాళ్లు కొట్టిన అసలు గాటు బయటపడింది.

"మరి ఈ పసుపు గుర్తు మీరు పెట్టింది కాదా?" అన్నాను. ఈ బండి పూర్వం ఒకసారి ఆయన చేతికి వచ్చింది. అందుకే ఆ గుర్తును నేను ప్రశ్నించలేదు. మనిషిని అనుమానించాను కానీ, ఆయనదనుకున్న గుర్తును మాత్రం కళ్లు మూసుకుని నమ్మాను.

"నేను గుర్తు పెడితే ఉలితో గాటు పెడతాను. రంగు పుయ్యను. అడిగితే చెప్పేవాణ్ణి కదరా."

రైతుగారు వంగి చూసి నాలిక్కరుచుకున్నారు. "ఆయ్, అది బొట్టండీ! దసరాకి చెరువుల మీద నీళ్లు చిలికే ఏరియేటర్ మోటార్లకి పసుపూ కుంకవా పెడితే నీళ్లు పడి పోతున్నాయని పెయింటుతో పెట్టించేం. మిగిలిన రంగుతో మా ఆవిడ కారింజనుకీ పెట్టించింది. ఎర్రది అరిగిపోయినట్టుంది."

అంకెను ఎనభై నాలుగుకు మార్చాను. ఇరవై డిగ్రీలు ముందే పడుతున్న రవ్వను చల్లటి ఇంజను ఎలాగో ఓర్చుకునేది, వేడెక్కాక తన్నేది. స్టార్టరు కప్పు కొత్తది వేసి, వేడి మీద పదిసార్లు ఆపి పదిసార్లు తిప్పాం. ఒక్కసారీ తన్నలేదు. ఆడలేక మద్దెల ఓడు అన్నవాణ్ణి నేనే, ఆ మద్దెల మా మావయ్య. బండి వెళ్లాక ఆయన దగ్గరికెళ్లి, "తప్పయిపోయింది మావయ్యా," అన్నాను. "పోనీలేరా, ఇంజను పని చేసేవాడికి అనుమానం ఉండాలిలే," అని నవ్వారు. క్యారేజీలో మిగిలిన పులిహోర కూడా పెట్టారు. అంతటితో అయిపోయిందనుకున్నాను.

అప్పటినుంచీ నేను షెడ్డులో లేకపోతే ఆయన ఏ బండి బానెట్టూ ఎత్తడం లేదు. కోపంతో కాదు. పలకరింపులో తేడా లేదు, మా పిల్లలకు జీళ్లు కొనడం మానలేదు. మొన్న నేను రాజోలు వెళ్లి ఆలస్యంగా వచ్చేసరికి, ఒక టీచరుగారు కారు పెట్టుకుని గంటసేపటి నుంచి కూర్చుని ఉన్నారు. బ్యాటరీ టెర్మినల్ వదులైంది, అంతే. అర నిమిషం పని.

"ఇది మీరు బిగించెయ్యాల్సింది కదా మావయ్యా," అన్నాను.

ఆయన పానా పట్టుకుని కారు దగ్గరికి నడిచి, నా కోసం ఆగారు. "దగ్గరికి రా. నువ్వు చూస్తుండగా బిగిస్తాను," అన్నారు.